గోదావరి అయిపోయిన ట్యాంకు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. ఇది ఉద్యోగంలో పట్టుకున్న జబ్బు కాదు, ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు ఇంటి నుంచి పట్టుకెళ్ళిందే. మా ఆవిడ నేను చెప్పేదాన్ని సగం చేసి వింటుంది. మా పిల్లలు పావు చేసి వింటారు. ఒకసారి సెలవు చీటీలో అమ్మకి జ్వరమని రాస్తే, మా అధికారి "అంటే తుమ్మిందా?" అని అడిగి సంతకం పెట్టాడు. కాబట్టి మీరు కూడా తోచినంత తగ్గించుకుని చదవండి. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. అదేదో చివర్లో నేనే చెబుతాను. మిగతాది జరిగిందే.

ఇది ముఖ్యంగా పొద్దున్నే కాలవగట్ల మీద మిలట్రీ సెలక్షన్ల కోసం పరుగులు తీస్తున్న కుర్రాళ్ళ కోసం రాస్తున్నాను. నేనూ ఆ గట్ల మీదే పరిగెత్తాను. రోజుకి ఇరవై మైళ్ళు. సరే, నాలుగు.

నేను పాతికేళ్ళు ట్యాంకుల రెజిమెంటులో చేశాను. అది ఒకప్పుడు గుర్రాల రెజిమెంటు. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చిన సంగతి రెజిమెంటుకి ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. మామూలు సిపాయిని ఇప్పటికీ సవారు అంటారు. నా హోదా నాయబ్ రిసాల్దారు. పేరు వింటే గుర్రం మీద కత్తి పట్టుకున్నవాడు గుర్తొస్తాడు, నాకేమో గుర్రమంటే భయం. రెజిమెంటు పుట్టినరోజున ప్రతి ట్యాంకు ముందూ ఒక పళ్ళెంలో నానబెట్టిన శనగలు పెడతారు. ముప్పై ఆరు టన్నుల ఇనుము, దాని ముందు గుప్పెడు శనగలు. అది తింటుందేమోనన్నట్టు అందరం ఒక నిమిషం కదలకుండా నిలబడతాం. చేరిన కొత్తలో నేను, మా వైపు గుర్రాలకి ఉలవలు పెడతారండి, అన్నాను. ఆ ఏడాదంతా నాకు ఆదివారం సెలవు లేదు.

నేను ట్యాంకు డ్రైవర్ని. మంచి డ్రైవర్ని కూడా. అయినా విన్యాసాల్లో దారికి అడ్డంగా కాలవగానీ వాగుగానీ వస్తే, నన్ను దింపి ఇంకొకణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు. ఎందుకంటే మా రెజిమెంటులో ఒక మాట ఉంది. ట్యాంకు బురదలో దిగబడితే దిగబడిందని ఎవరూ అనరు, "గోదావరి హో గయా" అంటారు. గోదావరి అయిపోయిందని. రాజస్థాన్ వాడూ అదే అంటాడు, పంజాబ్ వాడూ అదే అంటాడు. వాళ్ళలో చాలామంది గోదావరిని చూడనేలేదు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, ఎప్పుడో యుద్ధంలో మీ వైపువాడొకడు ట్యాంకుని కాలవలో దింపేశాడు, అనేవాళ్ళు. ఆ ఒకడెవడో నాకు తెలియదు. వాడి వల్ల పాతికేళ్ళపాటు ప్రతి కాలవ దగ్గరా కిందికి దిగాను. వాడు కనిపిస్తే ఏమనాలో కొన్ని మాటలు సిద్ధం చేసి పెట్టుకున్నాను. అవి ఇక్కడ రాయలేను.

మోకాలు దెబ్బతిన్నాక నన్ను రెజిమెంటు చరిత్ర గదికి వేశారు. పాత బల్లేలు, జీను, ఫోటోలు, గాజు పెట్టెలో చరిత్ర పుస్తకం. వచ్చినవాళ్ళకి చరిత్ర చెప్పడం నా పని. నాలాంటి వాడికి అలాంటి పని ఇవ్వకూడదు. పుస్తకంలో ఒక గుర్రం పన్నెండు అడుగుల కందకం దూకింది. నేను బాధ్యత తీసుకున్న మొదటి నెలలో ఇరవై దూకింది. నేను రిటైరయ్యేనాటికి అది దాదాపు ఎగురుతోంది. పుస్తకంలో నేను పెంచని వాక్యం ఒక్కటే ఉంది. పెంచకపోగా ఎవరికీ చదివి వినిపించేవాణ్ణి కూడా కాదు. యుద్ధం అధ్యాయంలో ఒకే ఒక్క లైను: ఒక ట్యాంకు కాలవ ఒడ్డున బురదలో దిగబడి ఆనాటి పోరులో పాల్గొనలేకపోయింది. పేరు లేదు. ఉండక్కర్లేదు, మాటుందిగా.

ఇక అసలు సంగతి. నా సర్వీసు ఇంకో ఆరు నెలలుందనగా, మా రెజిమెంటు యుద్ధంలో వాడిన పాత ట్యాంకొకటి మా కోనసీమ దగ్గర ఒక పట్నానికి ఇస్తున్నారని తెలిసింది. నాలుగు రోడ్ల కూడలి పక్కన, కాలవ ఒడ్డున పార్కులో పెడతారట. మన వైపువాడు కదా, నువ్వే అప్పజెప్పి రా అన్నారు. రెండు ఆజ్ఞలు ఇచ్చారు. ఒకటి, ట్యాంకులో ఇంజను ఇంకా ఉంది, దాన్ని స్టార్ట్ చెయ్యకుండా లాగించి దిమ్మ మీద పెట్టించాలి. రెండు, ట్యాంకు పక్కన పెట్టే నల్లరాయి పలక మీద పుస్తకంలోని యుద్ధం పేజీ మొత్తం తెలుగులో చెక్కించాలి. నా సంగతి తెలిసిన అధికారి రెండో ఆజ్ఞని రెండుసార్లు చెప్పాడు. "ఒక్క లైను కలపడానికి వీల్లేదు, ఒక్క లైను తియ్యడానికి వీల్లేదు."

నాతో ఒక రాజస్థాన్ దఫేదారు, అంటే మా గుర్రాల భాషలో హవల్దారు, వచ్చాడు. మా ఇద్దరికీ, ట్రైలర్ డ్రైవరుకీ, ట్యాంకుకీ ఆ ప్రయాణం ఎనిమిది రోజులు పట్టింది. తుని దాటాక దఫేదారు రోడ్డుకి రెండువైపులా ఉన్న నీళ్ళు చూసి మాట్లాడటం తగ్గించాడు. ఒకచోట తనిఖీ వాళ్ళు ఆపి ట్యాంకు మూత తెరవమన్నారు. యానాం సరుకు, అంటే అక్కణ్ణుంచి వచ్చే చవక మందు, ఉందేమోనని అనుమానం. మేం వస్తున్నది యానాం దారి కాదు కదండీ అన్నాను. "ట్యాంకుకి దారి ఎందుకండీ" అన్నాడు అందులో పెద్దాయన. అది యుద్ధశాస్త్రంలో చాలా సరైన మాట. తెరిచి చూపించాను. లోపల నా చెప్పులు, దఫేదారు పరుపు ఉన్నాయి. రావులపాలెం దగ్గర అరటి గెలల లారీల మధ్య ఇరుక్కుని మూడు గంటలు నిలబడిపోయాం. ఒక వ్యాపారి మర్యాదకొద్దీ ఒక గెల తెచ్చి ఫిరంగి గొట్టానికి వేలాడదీశాడు. అలాగే పట్నంలోకి వెళ్ళాం.

పట్నంలో మాకోసం ఎదురుచూస్తున్నది మంచినీళ్ళ విభాగం ఇంజనీరమ్మ. నాకు అర్థం కాలేదు. తీరా ఫైలు చూస్తే సంగతి తెలిసింది. మా రెజిమెంటు రాసిన ఉత్తరంలో ట్యాంకు ఇస్తున్నామని మాత్రమే ఉంది. ఉత్తరం విప్పిన గుమాస్తా మన దేశంలో ట్యాంకు అంటే ఏంటో తెలిసినవాడు. నేరుగా నీటి సరఫరాకి పంపాడు. వాళ్ళు కెపాసిటీ ఎంతని తిరిగి రాశారు. మావాళ్ళు నలుగురు అని జవాబిచ్చారు. నలుగురికి సరిపడే నీళ్ళ ట్యాంకు మిలట్రీవాళ్ళు ఎందుకు ఇస్తున్నారని ఇంజనీరమ్మ ఆలోచించి, ఏ సున్నాలో పడిపోయి ఉంటాయనుకుని, ఎందుకైనా మంచిదని లక్ష లీటర్ల బరువుకి దిమ్మ కట్టించింది. కింద పైపు, వాల్వు, కొళాయి కూడా పెట్టించింది. పని పూర్తయ్యాక ఎవరో ఆమెకి అసలు విషయం చెప్పారు.

ట్యాంకుని చుట్టూ తిరిగి చూసి, "లీకేజీ ఏమైనా ఉంటుందాండీ?" అని అడిగింది.

"నూనె కారుతుంది మేడం."

"కొళాయికి దూరంగా కారేలా చూడండి" అని ఫైలులో ఏదో రాసుకుంది. పాతికేళ్ళలో నేను చూసిన ఇంజనీర్లలో ఆమెకి పదిలోపు ర్యాంకు ఇస్తాను.

ప్రారంభోత్సవం మూడు రోజుల్లో ఉంది. పలక మీద గుడ్డ లాగడానికి ఎవరిని పిలిచారని అడిగాను. ఇంజనీరమ్మ ఉత్సాహంగా చెప్పింది. వాళ్ళ పట్నంలోనే ఆ రెజిమెంటులో యుద్ధం చేసిన డ్రైవరొకాయన ఉన్నాడట. ఊరంతా మిలట్రీ గారంటారట. ప్రతి ఆగస్టు పదిహేనుకీ బడిలో జెండా ఆయనే ఎగరేస్తాడట. యుద్ధం గురించి ఎంత అడిగినా ఒక్క మాట చెప్పడట, అంత నిగర్వి అట.

మర్నాడు పొద్దున్నే ఆయన మేం దిగిన గెస్ట్ హౌస్‌కి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా. పతకం ఛాతీ మీద లేదు, జేబులో ఉన్నట్టు చొక్కా ఒకవైపు లాగుతోంది. టీ ఇచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"రాయి మీద ఏం రాయిస్తున్నారండీ?"

"రెజిమెంటు చరిత్ర బాబాయి గారూ. యుద్ధం పేజీ."

"అంతానా?"

"అక్షరం పోకుండా."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, దాని అడుగున పడిన తడి గుండ్రాన్ని వేలితో తుడిచాడు.

"ఆ కాలవ సంగతి కూడా ఉందాండీ అందులో?"

నేను పాతికేళ్ళుగా వెతుకుతున్న మనిషి నా ఎదురుగా నా టీ ముందు కూర్చుని ఉన్నాడు. సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఉందండి అన్నాను.

ఆయన చెప్పింది తక్కువ. శత్రువుల వైపు కాలవ. తొందరగా దాటమని ఆజ్ఞ. ఒడ్డున గడ్డి పచ్చగా ఉంది. గడ్డి రంగు చూసి కింద నేల ఎలా ఉందో చెప్పగలిగిన ఊళ్ళో పుట్టాడు, కానీ వయసు ఇరవై ఒకటి, ముందు ట్యాంకుని దాటిపోవాలన్న తొందర. ఎడమ చైను దిగబడింది. భయపడి యాక్సిలరేటర్ తొక్కాడు. రెండో చైనూ దిగబడింది. మిగతా ట్యాంకులు పక్కనుంచి వెళ్ళిపోయాయి. అందులో ఒకటి తిరిగి రాలేదు. అందులోవాళ్ళు ఆ మధ్యాహ్నం ఆయనతో కలిసి రొట్టెలు తిన్నవాళ్ళు.

"మేం నలుగురం బతికింది ఆ బురదవల్లేనండి. అది ఎవరితో చెప్పుకోను? సెలవు మీద ఊరొస్తే బస్టాండులో దండలేశారు. అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆ తర్వాత సందు దొరకలేదు."

ఎల్లుండి అదే ఊరు, అదే మనుషులు చూస్తుండగా ఆయన తన చేత్తో గుడ్డ లాగాలి. దాని వెనక ఆ లైను ఉంటుంది. పేరు లేకపోవచ్చు. కానీ అడిగేవాడు ఒక్కడు చాలు, ఆ ట్యాంకు ఎవరిదండీ అని. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. యాభై ఏళ్ళు నోరు మూసుకుని ఉన్నది అందుకే.

ఆ లైను తీసెయ్యమని ఆయన అడగలేదు. అడిగితే తీసేసేవాణ్ణో లేదో నాకు తెలియదు. అడగకపోవడం వల్ల నాకు ఇంకా కోపం వచ్చింది. ఇదీ చెప్పుకోవాల్సిందే. ఆయన్ని చూస్తే జాలి ఒకవైపు, పాతికేళ్ళు ప్రతి కాలవ దగ్గరా నేను దిగిన మెట్లు ఒకవైపు. వెళ్ళొస్తానని లేచినప్పుడు, ఇప్పుడేం చేస్తున్నారు బాబాయి గారూ అని ఊరికే అడిగాను.

"దమ్ము ట్రాక్టరండి. నలభై ఏళ్ళు తోలాను. ఈ మధ్యే మానేశాను."

దమ్ము అంటే తెలియని కుర్రాళ్ళు ఎవరైనా ఉంటే, నాట్లకి ముందు చేలో నీళ్ళు పెట్టి బురదగా కలియదున్నడం. ఆయన తిరిగొచ్చి, మిగిలిన జీవితమంతా బురదలో బండి తోలే ఉద్యోగం చూసుకున్నాడు. ఒక్కసారీ దిగబడలేదట. అది ఆయన చెప్పలేదు, ఇంజనీరమ్మ చెప్పింది.

ఇక మర్నాడు, ట్యాంకుని దిమ్మ ఎక్కించే రోజు. ట్రైలరు పార్కు సందులోకి తిరగలేదు. దిమ్మ దగ్గర రెండు క్రేన్లు సిద్ధంగా ఉన్నాయి. రోడ్డు నుంచి దిమ్మ దాకా కాలవ పక్కనే రెండు వందల గజాల బాట. ట్యాంకుని ట్రాక్టర్లతో మెల్లగా లాగించాలి. కాగితం మీద అలాగే ఉంది. కానీ కాలవగట్టు మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. యాభై వేలమంది. అంటే రెండు వేలు ఉంటారు. అందులో మా ఆవిడ, మా అత్తవారి వైపువాళ్ళు పద్ధెనిమిది మంది. నేను ట్యాంకు తోలడం వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు. దఫేదారుకి బ్యాటరీ కలపమని చెప్పాను. అతను నన్నూ కాలవనీ ఒకసారి చూసి కలిపాడు.

నేను డ్రైవరు సీటులో కూర్చున్నాక పెద్దాయన కర్ర పట్టుకుని ట్యాంకు ముందుకి వచ్చాడు.

"ఆ బాట మీద వద్దండి. పైన ఎర్రమట్టి కనబడుతోంది గానీ కింద పూడిక. కాలవలోంచి తీసి మొన్న పోసింది. కర్ర గుచ్చి చూశాను, మూరెడు దిగింది."

మంచి సలహా. సరైన సలహా. ఎవరు చెప్పినా వినేవాణ్ణి. కానీ రెజిమెంటు చరిత్రలోకెల్లా బురద గురించి నాకు సలహా ఇవ్వకూడని మనిషి ఒక్కడుంటే అది ఈయనే అని నాకు ఆ క్షణాన గట్టిగా అనిపించింది. మీరు తప్పుకోండి బాబాయి గారూ, నేనూ డ్రైవర్నే అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన తప్పుకున్నాడు.

ఇంజను అందుకుంది. పొగ చూసి జనం చప్పట్లు కొట్టారు. మొదటి వంద గజాలు పెళ్ళి ఊరేగింపులా సాగింది. ఫిరంగికి ఇంకా అరటిగెల ఉంది. నూట పదో గజం దగ్గర ముందుభాగం కొంచెం కిందికి వెళ్ళింది. తర్వాత ఎడమవైపు కిందికి వెళ్ళింది. తర్వాత నాకు ఆకాశం తగ్గి కాలవ ఎక్కువ కనబడటం మొదలైంది.

నా కుడికాలు తొక్కింది. నేను కాదు, కాలు. దానికి అలవాటు. ఇంకో అడుగు దిగింది.

జనం చప్పట్లు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో నా దఫేదారు, పాపం, దురుద్దేశమేమీ లేకుండా, డ్యూటీలో రిపోర్టు ఇచ్చినట్టుగా గట్టిగా చెప్పాడు.

"సాబ్, గోదావరి హో గయా."

పక్కనే గోదావరి కాలవ పారుతోంది. ఎదురుగా ఆయన నిలబడి ఉన్నాడు. ఆయనకి హిందీ వచ్చు. కానీ ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. అది ఆయన వెళ్ళిపోయాక పుట్టింది.

"ఏమన్నాడండి ఆయన?" అని నన్ను అడిగాడు.

నేను డ్రైవరు మూతలోంచి తలొక్కటే బయటపెట్టి, ఆ భంగిమలో ఆ మాట చరిత్రంతా చెప్పాను. రెజిమెంటులో దిగబడటానికి పేరు అదేనని. అది ఎవరి నుంచి వచ్చిందో కూడా. కర్రని చేతులు మార్చి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళ నుంచీనా?"

"ఇన్నేళ్ళ నుంచీనండి."

"అయితే మీరు కూడా ఇప్పుడు అదేగా" అన్నాడు. తర్వాత, "కాలు తియ్యండి. ఇంజను ఆపకండి. తొక్కకండి. అప్పుడు నేను చేసింది అదే."

తర్వాత అరగంటసేపు ఆయన దగ్గర, నేను సీటులోనూ దఫేదారు కిందా, జవాన్లుగా పనిచేశాం. ఎవరి దొడ్లోనో పడిపోయిన కొబ్బరిచెట్టు మాను ఉందని ఇంజనీరమ్మకి చెప్పాడు. ఆమె పది నిమిషాల్లో తెప్పించింది. దాన్ని ట్యాంకు వెనకవైపు అడ్డంగా పెట్టించి, రెండు చైన్లకీ కలిపి గొలుసులతో బిగించాడు. వెనక్కి కదిలితే చైన్లే ఆ మానుని కిందికి లాక్కుంటాయి, బండి దాని మీదికి ఎక్కుతుంది. పుస్తకాల్లో ఉన్న పద్ధతే. నేను కూడా చదివాను. చదివినవాణ్ణి బురదలో ఉన్నాను.

"ఇప్పుడు దిగండి" అన్నాడు.

దిగాను. నాకు నేనే ఒప్పుకుని కాలవ దగ్గర దిగడం అదే మొదటిసారి. చెప్పులు ఒడ్డున వదిలేసి ఆయన ఎక్కాడు. మూతలోంచి లోపలికి జారడంలో వయసు తెలియలేదు. పెడల్ మీద మడమ సర్దుకున్నాడు, గేరు కర్ర మీద చెయ్యి వేశాడు, అది ఇంకా అక్కడే ఉందా అన్నట్టు ఒకసారి నిమిరాడు. వెనక ఏముందో డ్రైవరుకి కనబడదు, అందుకని దఫేదారు వెనక నిలబడ్డాడు. నేను ముందు నిలబడి చేతులతో సైగలు చెయ్యాలి. ఆయన నా చేతుల్నే చూస్తున్నాడు. నా వెనక కాలవ.

వెనక్కి పొమ్మని సైగ చేశాను. ఇంజను చప్పుడు పెరగలేదు. నలభై ఏళ్ళు దమ్ములో తోలిన కాలు ఎంత వత్తాలో అంతే వత్తింది. చైన్లు మానుని పట్టుకున్నాయి. మాను కరకరమంది. ట్యాంకు నిద్రలోంచి లేచినట్టు ఎడమ భుజం పైకెత్తింది. జానెడు. మూరెడు. ట్యాంకు వెనక్కి, వెనక్కి, గట్టినేల మీదికి వచ్చి నిలబడింది. ఫిరంగి గొట్టం మీద అరటిగెల ఊగుతోంది.

చప్పట్లు అప్పుడు మొదలయ్యాయి. నాకు కాదు.

ఆయన మూత పట్టుకుని చాలాసేపు లోపలే కూర్చున్నాడు. మిగతా దారంతా ట్రాక్టర్లు లాగాయి, పక్కనున్న గట్టి బాట మీద. అంటే మొదట్నుంచీ వెళ్ళాల్సిన దారి మీద. రెండు క్రేన్లూ ఎత్తి దిమ్మ మీద పెట్టాయి. దిమ్మ పిసరంత కూడా కుంగలేదు. లక్ష లీటర్లకి కట్టింది మరి.

సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి టీ తాగాడు.

"రాసెయ్యండి. ఉన్నదున్నట్టు రాసెయ్యండి. రేపు గుడ్డ నేనే లాగుతాను. ఎవరైనా అడిగితే నాదేనంటాను."

రాస్తానన్నాను. ఆయన వెళ్ళాక బల్ల దగ్గర కూర్చున్నాను. పేజీ అంతా గంటలో అయిపోయింది. ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. కలపడానికి వీల్లేదు. తియ్యడానికి వీల్లేదు. ఉన్నదున్నట్టు రాయాలి. జీవితమంతా పెంచడంలో ఆరితేరినవాణ్ణి, ఏ మాత్రం పెంచకుండా ఒక వాక్యం రాయాలంటే ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నాలుగు కాగితాలు పోయాక ఇలా రాశాను: "ఆ రోజు కాలవ ఒడ్డున మా ట్యాంకొకటి నిలిచిన చోటి నుంచి ఒక్క అడుగైనా వెనక్కి వేయలేదు."

రెజిమెంటుకి ఫోన్ చేసి ఆ అధికారికి పేజీ అంతా చదివి, లైనుకి లైను హిందీలో చెప్పాను. ఈ లైను దగ్గర ఆయన ఆపమన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఇందులో అబద్ధం ఎక్కడుందని అడిగాడు. లేదు సాబ్ అన్నాను. పాతికేళ్ళలో నేను చెప్పినదాన్ని ఆయన ఏమీ తగ్గించకుండా ఒప్పుకున్నది అదొక్కసారే.

రాత్రంతా కూర్చుని చెక్కాల్సిన రాయివాడు అక్షరాలు లెక్కపెట్టుకుని, సరిగ్గా సరిపోయిందండీ, ఇంకొక్క ముక్క కూడా పట్టదన్నాడు.

మర్నాడు పెద్దాయన పతకం పెట్టుకుని వచ్చాడు. కండువాలో ఏదో మూటకట్టి తెచ్చాడు. దిమ్మ ముందు పళ్ళెం పెట్టి విప్పాడు. నానబెట్టిన ఉలవలు. నన్ను చూసి, "రెజిమెంటులో శనగలండి, తెలుసు. ఇది మన వైపు వచ్చింది కదా" అన్నాడు. దఫేదారు అటెన్షన్‌లోకి వచ్చాడు. నేనూ వచ్చాను. ఇంజనీరమ్మ ఎందుకో తెలియకపోయినా వచ్చింది. నిమిషం నిలబడ్డాం. ఆయన గుడ్డ లాగి, పలక చదివి, గట్టిగా నవ్వి, నాకు సెల్యూట్ కొట్టాడు.

దిమ్మ కింద కొళాయి ఇప్పటికీ ఉంది. మార్కెట్‌కి వచ్చినవాళ్ళు అక్కడ నీళ్ళు పట్టుకుంటారు. దేశం మొత్తం మీద మంచినీళ్ళు ఇచ్చే యుద్ధట్యాంకు అదొక్కటేనని నేను అందరికీ చెబుతుంటాను. మరొకటి ఉంటే చెప్పండి. నేను రిటైరయ్యే ముందు ఆ దఫేదారు రెజిమెంటుకి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. దాంతో మాట కొంచెం మారింది. ఇప్పుడు ట్యాంకు దిగబడితే ఒకడు "గోదావరి" అంటాడట, వెంటనే ఇంకొకడు "పాతదా, కొత్తదా?" అని అడుగుతాడట. కొత్తది నేను. చరిత్ర పుస్తకంలో ఎక్కనివాణ్ణి ఆ మాటలో ఎక్కాను.

గట్ల మీద పరిగెత్తే కుర్రాళ్ళకి ఇందులో నీతి ఏమైనా కావాలంటే, బురద గురించి దిగబడినవాణ్ణే అడగండి. నాకు ఇంతకన్నా పెద్ద నీతి తెలియదు.

ఇక మాట ఇచ్చిన ప్రకారం. లక్ష లీటర్ల దిమ్మ నిజం. యానాం తనిఖీ నిజం. అరటిగెల నిజం, ఆ సాయంత్రం దఫేదారు అందులో పద్నాలుగు పళ్ళు తిన్నాడు, అదీ నిజమే. నేను కల్పించింది ఆయన నవ్వాడనీ, నాకు సెల్యూట్ కొట్టాడనీ రాసిన వాక్యం. ఆయన నవ్వలేదు. సెల్యూట్ కొట్టలేదు. అక్షరాల మీద వేలు పెట్టి ఆ లైను రెండుసార్లు చదివాడు. జనం చప్పట్లు కొడుతుంటే నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"వెనక్కి వెయ్యలేదు, నిజమేనండి. ముందుకీ వెయ్యలేదు కదా. అది కూడా రాయాల్సింది."

రాయి మీద చోటు లేదు బాబాయి గారూ అన్నాను.

"ఇంకెక్కడైనా రాయండి అయితే" అన్నాడు.

ముందుకీ వెయ్యలేదు.